8 కేబీ చిప్పు, ఎస్‌డీసీసీ కంపైలరు, మా బావ రొయ్యల గుంటలు – నా అనుభవం

మాది నెల్లూరు, నాకు మోటార్ స్టార్టర్లు, కంట్రోల్ ప్యానళ్లు రిపేరు చేసే పని. మా బావకి విడవలూరు పక్కన వనామి రొయ్యల గుంటలున్నాయి. రొయ్యల సంగతి తెలిసినోళ్లకి చెప్పక్కర్లేదు, పగలు నీళ్లలో పాచి ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రయితే అదీ పీల్చుకోవడమే, అందుకని తెల్లారుజామున డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది, సరిగ్గా అప్పుడే కరెంటులో ఒక ఫేజు పోయి, నీళ్లు చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఆగినాయంటే గంటల్లో పంటంతా పోతుంది. కాపలా మనిషి కూడా మనిషే కదా, మూడింటప్పుడు కునుకు పడుతుంది. "బామ్మర్దీ, ఫేజు పోతే నా ఫోన్ మోగాలబ్బా, అంతే" అన్నాడు బావ.

మొదటిది ఆర్డినో ఊనో అనే రెడీమేడ్ బోర్డు మీద చేసినా. 32 కేబీ ఫ్లాష్, 2 కేబీ ర్యామ్, రెండ్రోజుల్లో అయిపోయింది. మూడు ఫేజులకి, కరెంటు ఉందో లేదో వెలుగుతో చిప్పుకి చెప్పే మూడు ఆప్టోకప్లర్లు, కాల్ చెయ్యడానికి ఒక 2జీ సిమ్ మాడ్యూలు, 12 వోల్ట్ బ్యాటరీ. అది చూసి చుట్టుపక్కల గుంటల వాళ్లు కూడా అడిగినారు, సరే సొంత బోర్డు వేద్దాం, చిన్న చిప్పుతో ఖర్చు తగ్గిద్దామని చెన్నై రిచీ స్ట్రీట్ పోయినప్పుడు ఎస్టీఎం8ఎస్003 చిప్పులు తెచ్చినా. 20 కాళ్లు, 8 కేబీ ఫ్లాష్, 1 కేబీ ర్యామ్, వోల్టేజి కొలిచే 10 బిట్ల ఏడీసీ, నా పనికి సరిపోతుంది. చిప్పు రేటు చూసినానే గానీ దానికి కంపైలరు (మనం రాసింది చిప్పుకి అర్థమయ్యే కోడుగా మార్చేది) ఏముందో చూడలేదు. ముందు చూడాల్సింది అదే, ఇప్పుడు ఎవరడిగినా ఇదే చెప్తా ఉండా.

ఊనోలో ఉండే ఏవీఆర్ చిప్పులకైతే జీసీసీ అనే ఉచిత కంపైలరు ఉంది, ఆర్డినో లోపల నడిచేది అదే. ఎస్టీఎం8కి జీసీసీలో సపోర్ట్ లేదు, అట్లాంటిదే అయిన ఎల్‌ఎల్‌వీఎంలో కూడా లేదు. కాస్మిక్, ఐఏఆర్ లాంటి విండోస్ కోసం చేసిన కంపెనీ కంపైలర్లున్నాయి గానీ నా పాత ల్యాప్‌టాప్‌లో ఉండేది లైనక్స్. ఇంక మిగిలింది ఎస్‌డీసీసీ. 8051, జెడ్80, ఎస్టీఎం8 ఇట్లాంటి చిన్న చిప్పుల కోసమే కొంతమంది ఏళ్ల తరబడి ఓపిగ్గా నడుపుతా ఉండే ఓపెన్ సోర్స్ కంపైలరు. దాన్ని నిలబెడతా ఉండే వాళ్లకి చేతులెత్తి దండం పెట్టాలి, ఎందుకంటే వాళ్లు లేకపోతే నా డబ్బాలో ఉండే ఆ చిప్పులన్నీ వట్టి ప్లాస్టిక్ ముక్కలే.

ఎస్‌డీసీసీతో పాటు ఎస్టీఎం8 రిజిస్టర్ల (చిప్పు పనుల్ని నడిపే మెమరీ గళ్లు) పేర్లు, అడ్రసులు ఉండే హెడర్ ఫైళ్లు రావు. చిప్పు కంపెనీ ఇచ్చే లైబ్రరీ వేరే కంపైలర్ల కోసం రాసింది, దాన్ని ఎస్‌డీసీసీకి సరిపోయేట్టు ప్యాచ్ చేసుకోవాలి. చేసుకున్నా. కంపైల్ చేస్తే 9,600 బైట్లు దాటింది, చిప్పులో పట్టేదేమో 8,192. నేను వాడేది పట్టుమని పది ఫంక్షన్లు, ఇంత ఎక్కడ్నించి వచ్చిందిరా అని ఏది ఎక్కడ చోటు తీసుకుందో చూపించే మ్యాప్ ఫైల్ తెరిచి ఒక్కో పేరూ చూస్తే నేను ఎన్నడూ పిలవని టైమర్ ఫంక్షన్లన్నీ అందులో కూర్చొని ఉన్నాయి. జీసీసీలో అయితే వాడని ఫంక్షన్లని లింకరు (ముక్కలన్నీ కలిపి ఒక ప్రోగ్రాము చేసేది) తీసేసేట్టు ఆప్షన్లు పెట్టుకోవచ్చు, ఎస్‌డీసీసీ లింకరు అట్లా చెయ్యదు, ఒక ఫైల్లోంచి ఒక్క ఫంక్షన్ పిలిచినా ఆ ఫైలు మొత్తం లోపలికొస్తుంది. లైబ్రరీని ఫంక్షన్‌కొక ఫైలుగా ముక్కలు చేసుకొనేవాళ్లు కూడా ఉన్నారు. నేను మొత్తం లైబ్రరీనే తీసేసి డేటాషీట్ ముందర పెట్టుకొని నాకు కావాల్సిన రిజిస్టర్ల అడ్రసులు చేత్తో రాసుకున్నా. అక్షరాలు, అంకెలు ప్రింట్ చేసే ప్రింట్ఎఫ్ ఫంక్షన్ కూడా తీసేసినా, అది ఎటూ చోటు తినేస్తుంది, పైగా బ్యాటరీ వోల్టేజి దశాంశంలో చూపించబోతే విలువ బదులు "నో ఫ్లోట్" అని ప్రింటయ్యింది. మిల్లీవోల్టుల్లో పూర్ణసంఖ్యగా లెక్క కట్టి చుక్క నేనే పెట్టుకున్నా. మొత్తం 3,100 బైట్లకి దిగింది. ఆ రాత్రి నాకు కలిగిన తృప్తి మాటల్లో చెప్పలేను.

చిప్పులో కోడ్ ఎక్కించి సీరియల్ పోర్ట్ చూస్తే అన్నీ పిచ్చి అక్షరాలు. ఈ చిప్పులో లోపలి క్లాక్ 16 మెగాహెర్ట్జే గానీ ఆన్ అయినప్పుడు దాన్ని ఎనిమిదితో భాగించుకొని 2 మెగాహెర్ట్జ్‌తో మొదలవుతుంది. నేను సీరియల్ వేగం 9600 బాడ్‌కి లెక్క కట్టింది 16 మీద, బయటికి వచ్చేది 1200. క్లాక్ డివైడర్ రిజిస్టర్‌లో సున్నా రాస్తే తీరిపోయింది.

ఆ తర్వాత ఇంటరప్టు, అంటే నడిచే పనిని మధ్యలో ఆపి ఇంకో ఫంక్షన్ని నడిపించే పిలుపు. దీనికి మూడు రోజులు పోయినాయి. టైమర్4ని మిల్లీసెకనుకోసారి ఇంటరప్టు ఇచ్చేట్టు పెట్టినా, దాని కోడు వేరే ఫైల్లో ఉంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, చిప్పు మాత్రం ఆన్ చెయ్యగానే బిగుసుకుపోతుంది. సోల్డరింగ్ మీద అనుమానం వచ్చి చిప్పు పీకి ఇంకోటి వేసినా, అదీ అంతే. చివరికి కంపైలరు పుట్టించిన అసెంబ్లీ ఫైల్ (చిప్పు చేసే ఒక్కో అడుగూ కనపడేది) తెరిచినా. మెయిన్ ఫైలు తాలూకు అసెంబ్లీలో పైనే వెక్టర్ టేబుల్ (ఏ ఇంటరప్టుకి ఏ ఫంక్షన్ అని రాసిన పట్టిక) ఉంటుంది, అందులో రీసెట్ అనే ఒక్క లైను తప్ప ఇంకేం లేదు! అప్పుడు మాన్యువల్ మళ్లీ చదివితే ఉంది, ఇంటరప్టు ఫంక్షన్ ఏ ఫైల్లో రాసుకున్నా దాని ప్రోటోటైప్ (ఇట్లాంటి ఫంక్షన్ ఉందని చెప్పే లైను) మెయిన్ అనే మొదటి ఫంక్షన్ ఉండే ఫైల్లో కనపడాల, లేకపోతే కంపైలరు టేబుల్లో దాని పేరు వెయ్యదు. హెడర్ ఒక్క లైను కలిపినా, టేబుల్లో వరసగా లైన్లొచ్చి 23వ నంబరు దగ్గర నా ఫంక్షన్ పేరు కనపడింది. ఆ ఒక్క లైను కోసం మూడు రాత్రులు. మాన్యువల్ ముందే నిదానంగా చదివుంటే బాగుండేది, అందులో రాసే ఉంది.

ఇంట్ (పూర్ణసంఖ్య దాచే వేరియబుల్ రకం) అంటే ఇక్కడ 16 బిట్లే, పెద్ద సంఖ్య పట్టదు, ఇదీ గుర్తుపెట్టుకోండి. రెండు కాల్స్ మధ్య 60 సెకన్లు ఆగాలని వేరియబుల్‌ని 1000తో గుణిస్తే ల్యాప్‌టాప్‌లో 60,000 వచ్చింది, చిప్పులో మైనస్ 5,536 అయ్యి కాల్ మీద కాల్ కొట్టింది.

బోర్డు తీసుకుపోయి గుంట కాడ షెడ్డులో పెట్టి వచ్చినా. నాలుగో రోజు రాత్రి రెండింటికి బావ ఫోను. "ఏందిరా అబ్బయ్యా, మూడు ఫేజులూ పోయినాయని మోగింది, పరిగెత్తుకొని వచ్చి చూస్తే ఏరేటర్లు బ్రహ్మాండంగా తిరగతా ఉండాయి." రెండ్రోజులకి మళ్లీ అట్లాగే. ఇట్లా ఇంకో రెండు సార్లు మోగితే ఆయన దాన్ని ఆఫ్ చేసేస్తాడు, ఆఫ్ చేసిన రోజే కరెంటు పోతుంది, ఆ భయం నన్ను నిద్రపోనివ్వలేదు.

కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆప్టోకప్లర్ నుంచి 20 మిల్లీసెకన్లకో పల్స్ రావాలి, 100 మిల్లీసెకన్లు రాకపోతే ఫేజు పోయినట్టు. ఆ టైమర్ ఇంటరప్టులో మిల్లీసెకనుకొకటి పెరగతా టైము లెక్కపెట్టే కౌంటరు 32 బిట్లు, వోలటైల్ అని కూడా పెట్టినా. మళ్లీ అసెంబ్లీ ఫైలే తెరిచినా. ఆ కౌంటరు చదివే చోట రెండు లోడ్ ఇన్‌స్ట్రక్షన్లు ఉన్నాయి, ఒకటి పై 16 బిట్లకి, ఒకటి కింది 16 బిట్లకి. చూడంగానే అర్థమైపోయింది. కింది సగం 65,535 నుంచి సున్నాకి తిరిగే క్షణంలో, ఆ రెండు లోడ్ల నడుమ ఇంటరప్టు దూరితే ఒక సగం పాతది, ఒక సగం కొత్తది చేతికొస్తుంది, టైము ఒక్క గెంతుతో 65 సెకన్లు తేడా వస్తుంది, మూడు ఫేజులూ ఒకేసారి పోయినట్టు కనపడుతుంది. వోలటైల్ అంటే ప్రతిసారీ మెమరీ నుంచే చదవమని చెప్పడం వరకే, మధ్యలో ఎవరూ దూరకుండా కాపాడదు. ఇంటరప్టులు ఆపి, కౌంటరు కాపీ చేసుకొని, మళ్లీ ఆన్ చెయ్యడం, అంతే, మూడు లైన్లు.

అది మార్చి ఆర్నెల్లయ్యింది, తప్పుడు కాల్ ఒక్కటి రాలేదు. కంపైలరు ఆ వెర్షన్ని కోడ్ పక్కనే పెన్‌డ్రైవ్‌లో దాచినా. ఇప్పుడు అట్లాంటి బోర్డులు ఐదు నడస్తా ఉండాయి. పోయిన నెల్లో ఒక రోజు తెల్లారుజామున 3.40కి బావకి కాల్ పోయింది, నిజంగానే బీ ఫేజు పోయింది. జనరేటర్ వేసి, ఏరేటర్లన్నీ అందుకున్నాక నాకు ఫోన్ చేసినాడు, మాట కంటే ముందు వెనకాల ఏరేటర్లు నీళ్లు కొట్టే చప్పుడు వినపడింది.