ఎవరి డబ్బు, ఎవరి పెత్తనం

మ్యూనిక్‌లో మా ఇంటి అద్దె ఒక క్లోజ్డ్ సోర్స్ కంపెనీ ఇచ్చే జీతంలోంచి వెళ్తుంది. మా ప్రోడక్ట్ కోడ్ బయటివాళ్లెవరూ చూడలేరు. అది నడిచేది మాత్రం ఎవరైనా కోడ్ చూడగలిగే లినక్స్ ఆపరేటింగ్ సిస్టం మీద, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద. శని, ఆదివారాల్లో నేను ప్యాచ్‌లు (కోడ్‌లో మార్పులు) పంపే చిన్న ప్రాజెక్టేమో పూర్తిగా ఫ్రీ సాఫ్ట్‌వేర్, అంటే ఎవరైనా దాని కోడ్ చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. జర్మన్ కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 69బి ప్రకారం, ఉద్యోగంలో భాగంగా రాసిన ప్రోగ్రాం మీద ఆర్థిక హక్కులన్నీ యజమానివే. అందుకే ఆ ప్రాజెక్టు ఆఫీసు పనిలోకి రాదని మేనేజర్ దగ్గర ముందే రాయించుకున్నాను. పరాయి దేశంలో ఇలాంటివి నోటిమాటగా వదిలేస్తే నిద్ర పట్టదు.

కోడ్ దాచుకునే కంపెనీల దగ్గర ఫ్రీ సాఫ్ట్‌వేర్ వాళ్లు స్పాన్సర్‌షిప్ తీసుకోవచ్చా అనే గొడవ నేను ఎక్కువగా విన్నది బ్రస్సెల్స్‌లో. జనవరి చివరో ఫిబ్రవరి మొదట్లోనో అక్కడ యూఎల్‌బీ యూనివర్సిటీ సోల్‌బోష్ క్యాంపస్‌లో ఫాస్‌డెమ్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ వాళ్ల సమావేశం జరుగుతుంది. టికెట్ లేదు, రిజిస్ట్రేషన్ లేదు. వేలమంది వస్తారు, నడిపేది వాలంటీర్లు. కే బిల్డింగ్‌లో స్టాళ్ల మధ్య భుజాలు రాసుకుంటూ నడవాలి. తడిసిన కోట్ల వాసన, స్టిక్కర్ల కోసం తోపులాట. 2025లో ట్విట్టర్ వ్యవస్థాపకుల్లో ఒకరైన జాక్ డోర్సీ ప్రసంగం ఉందని ప్రకటించగానే రభస మొదలైంది. ఆయన కంపెనీ బ్లాక్ స్పాన్సర్లలో ఉండటంతో, ఇది వేదికను కొనుక్కోవడమేనంటూ కొందరు అక్కడే బైఠాయిస్తామన్నారు. ప్రసంగాల ఎంపికకీ స్పాన్సర్లకీ సంబంధం లేదని నిర్వాహకులు వివరణ ఇచ్చారు. చివరికి ఆ ప్రసంగం జరగలేదు.

అక్కడే ఫ్రైస్ కోసం లైన్లో నిలబడ్డప్పుడు మనవాడొకడు కలిశాడు. హైదరాబాద్‌లో బీటెక్ చదువుతూ స్వేచ్ఛ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థ వాళ్ల కార్యక్రమాల్లో తిరిగాడట, ఇప్పుడు జర్మనీలో ఎంఎస్. ఆవేశం మనిషి.

"అన్నా, లినక్స్‌ని క్యాన్సర్ అన్నవాళ్లే ఇప్పుడు లినక్స్ ఫౌండేషన్‌లో కూర్చున్నారు. మనకి సిగ్గనిపించదా?"

వాడు చెప్పింది అబద్ధం కాదు. ఆ మాట 2001లో అప్పటి మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ అన్నదే. 2016 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్, లినక్స్ అభివృద్ధికి అండగా ఉండే ఆ ఫౌండేషన్‌లో ప్లాటినం సభ్యత్వం తీసుకుంది. ఏడాదికి 5 లక్షల డాలర్లు కడితే ఆ హోదాతో పాటు బోర్డులో కుర్చీ కూడా వస్తుంది. అదే ఏడాది జనవరిలో, మామూలు వ్యక్తిగత సభ్యులు బోర్డుకి ప్రతినిధుల్ని ఎన్నుకునే హక్కు తీసేశారు. నాకు క్యాన్సర్ మాట కన్నా ఇదే ఎక్కువ గుచ్చుకుంటుంది.

"2023లో కొచ్చిలో డెబియన్ లినక్స్ వాళ్ల సమావేశం డెబ్‌కాన్ఫ్‌కి వెళ్లానన్నావుగా, ఖర్చులు ఎలా?" అన్నాను.

"బర్సరీ, అంటే ఖర్చుల సాయం, వచ్చిందన్నా. తిండి, రూమ్, టికెట్ అన్నీ."

"ఆ డబ్బు ఎక్కడిదిరా?"

వాడు నవ్వేశాడు. "స్పాన్సర్లదేలే. అందరూ చెడ్డోళ్లని కాదుగానీ..."

మా ప్రాజెక్టులో ఒక జర్మన్ పెద్దాయన ఉన్నారు. కంపెనీ డబ్బు ఒక్క యూరో కూడా ముట్టకూడదంటారు. ఆయన నిజాయితీని నేను శంకించను. కానీ ఆయన ఐడీ కార్డు జేబులో వేసుకుని రైలెక్కితే బ్రస్సెల్స్‌లో దిగుతారు. వరంగల్ నుంచి వచ్చే పిల్లాడు ఆహ్వాన పత్రం, బ్యాంకు స్టేట్‌మెంట్ పట్టుకుని వీసా సెంటర్‌కి వెళ్లి, ఖర్చులు ఎవరు భరిస్తారో కాగితం మీద చూపించాలి. ఆ కాగితం ఇవ్వగలిగేది డబ్బున్న సంస్థే. స్పాన్సర్లను గేటు బయట ఆపితే ముందు ఆగిపోయేది మనవాళ్లే. ఈ మాట ఆయనతో అంటే కాసేపు ఆలోచించి, చందాలు పోగుచేద్దాం అన్నారు.

చందాలతో ఏమవుతుందో, వెబ్‌సైట్లతో మన సంభాషణని రహస్యంగా ఉంచే ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ దగ్గర చూశాం. సగం ఇంటర్నెట్ దాని మీద నడుస్తున్న రోజుల్లో ఏటా వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లు. 2014 ఏప్రిల్‌లో అందులో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద భద్రతా లోపం బయటపడ్డాకే గూగుల్, మైక్రోసాఫ్ట్, ఫేస్‌బుక్ లాంటివి కదిలి, తలా ఏడాదికి లక్ష డాలర్ల చొప్పున మూడేళ్లు ఇస్తామన్నాయి. 2024 మార్చిలో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దూర్చిన దొంగ కోడ్‌ని పట్టుకున్న ఆండ్రెస్ ఫ్రాయిండ్ కూడా మైక్రోసాఫ్ట్ ఉద్యోగే. దూరంలోని కంప్యూటర్లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వితే బయటపడింది. ఆ ఎక్స్‌జెడ్‌ని ఏళ్ల తరబడి ఒక్క మనిషి ఖాళీ సమయంలో చూసుకుంటూ వచ్చాడు.

నాకు భయం కలిగించేది ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మోజిల్లా పరిస్థితి. వాళ్ల రాబడిలో చాలా భాగం ఫైర్‌ఫాక్స్‌లో గూగుల్ సెర్చ్ పెట్టినందుకు గూగుల్ ఇచ్చేదే. గూగుల్ గుత్తాధిపత్యం మీద అమెరికా ప్రభుత్వం వేసిన కేసులో, ఆ చెల్లింపులు ఆగితే ఫైర్‌ఫాక్స్ మూతపడే ప్రమాదం ఉందని 2025 మేలో మోజిల్లా ఫైనాన్స్ అధికారే కోర్టులో చెప్పారు. గూగుల్ క్రోమ్‌తో పోటీపడే బ్రౌజర్, ఆ పోటీదారు డబ్బు ఆపొద్దని అడగాల్సి వచ్చింది. గూగుల్ ఎవర్నీ బెదిరించనక్కర్లేదు.

ఒక్క చోటి నుంచి వచ్చే డబ్బు మీద బతకడం ఎలా ఉంటుందో బ్లూ కార్డ్ (నైపుణ్యమున్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) మీద వచ్చినవాళ్లకి తెలుసు. నేను వచ్చినప్పుడు మొదటి రెండేళ్లు ఉద్యోగం మారాలంటే ఫారినర్స్ ఆఫీసు అనుమతి కావాలి. 2023 నవంబర్ నుంచి ఆ నిబంధన సడలింది. ఆ రెండేళ్లూ మీటింగుల్లో నాకు నచ్చనివి చాలా విన్నాను. నన్నెవరూ నోరు మూసుకోమనలేదు. నేనే మాట్లాడలేదు.

అందుకే మా ప్రాజెక్టుకి ఒక కంపెనీ డబ్బిస్తానన్నప్పుడు, అది ఎవరిదని కాకుండా, వచ్చే ఏడాది ఆగిపోతే మనం బతుకుతామా అని అడిగాను. సర్వర్ ఖర్చుకి సరిపడా ఎప్పుడూ పక్కన ఉండాలి, ఏ ఒక్కరి వాటా మూడో వంతు దాటకూడదు, ఇకముందు ఏం చేయాలనే రోడ్‌మ్యాప్ చర్చలో స్పాన్సర్‌కి ఓటు ఉండదు అని రాసుకున్నాం. పెద్దాయన చివరిదాకా వ్యతిరేకంగానే ఉన్నారు, ఆ మాట మినిట్స్‌లో ఎక్కించమన్నారు, ఎక్కించాం. కంపెనీ వాళ్లు మాత్రం వాళ్ల క్లోజ్డ్ ప్లగిన్‌ని తగిలించుకోవడానికి మా కోడ్‌లో ఒక "చిన్న" హుక్ పెట్టగలరా అని మర్యాదగానే అడిగారు. అది కుదరదు, లోగో మాత్రం పెడతాం అన్నాం. వారం తర్వాత, మేం అడిగినదాంట్లో సగానికి ఇన్వాయిస్ పంపమన్నారు. పంపాం.