వరంగల్‌లో గాలి ఎటు తిరిగితే వాన

రుతుపవనాలు కేరళను తాకాయన్న వార్త రాగానే మన దగ్గర పత్తి గింజల ప్యాకెట్లు విప్పుతారు. మిరుగం, అంటే మృగశిర కార్తె, కూడా ఆ రోజుల్లోనే వస్తుంది కాబట్టి లెక్క కుదిరినట్టే ఉంటుంది. కానీ కోచిలో కురిసే వానకూ హన్మకొండలో కురిసే వానకూ గాలి ఒకటే అయినా కురిపించే కారణం వేరు. ఆ కారణం తెలిస్తే, తొందరపడి వేసిన గింజ ఎండిపోయి రెండోసారి విత్తనం కొనే ఖర్చు చాలావరకు తప్పించుకోవచ్చు.

ముందు గాలి సంగతి. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన గాలి 15, 16 కిలోమీటర్ల ఎత్తుకు లేచి, ఉత్తరానికీ దక్షిణానికీ పారి, 30 డిగ్రీల అక్షాంశం చుట్టుపక్కల కిందికి దిగుతుంది. 1735లో జార్జ్ హాడ్లీ ఈ చక్రాన్ని వివరించాడు కాబట్టి ఆయన పేరే దానికి నిలిచింది. దిగే గాలి నొక్కుకుపోయి, కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. అలాంటి గాలిలో మొగులు నిలవదు. సహారా, థార్ ఎడారులు ఆ దిగే చోట్ల ఉన్నవే. మే నెలలో రామగుండం, ఆదిలాబాద్‌లను కాల్చే వడగాడ్పు కూడా రాజస్థాన్, విదర్భల మీదుగా వచ్చే ఆ పొడిగాలే. దానికి తోడు మే 12 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా వరంగల్ నడినెత్తికి వస్తాడు.

ఆ ఎండకు ఉపఖండం మీద పీడనం పడిపోతుంది. అదే సమయంలో దక్షిణ హిందూ మహాసముద్రంలో, మస్కరీన్ దీవుల దగ్గర, పీడనం ఎక్కువగా ఉంటుంది. అక్కడ బయల్దేరిన ఆగ్నేయ గాలి భూమధ్యరేఖ దాటి కుడివైపు తిరిగి నైరుతి గాలి అవుతుంది. ఎందుకు తిరుగుతుందంటే, భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతుంది, వరంగల్ దగ్గర నేల వేగం 1,590 మాత్రమే. అక్కడి నుంచి వచ్చిన గాలికి ఆ మిగులు వేగం ఉంటుంది కాబట్టి నేలను దాటి తూర్పుకు జరుగుతుంది. సోమాలియా తీరం వెంట, ఒకటి ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తులో, ఈ గాలి సన్నని ఉరవడిగా పారుతుందని 1969లో బ్రిటిష్ వాతావరణ శాస్త్రవేత్త ఫిండ్‌లేటర్ చూపించాడు. అరేబియా సముద్రం తేమను మోసుకొచ్చేది అదే.

ఆ తేమలో ఎక్కువ భాగం పడమటి కనుమలే పిండుకుంటాయి. మహాబలేశ్వర్‌లో ఏటా 5,000 మిల్లీమీటర్లు దాటుతుంది. అక్కడి నుంచి తూర్పుకు వంద కిలోమీటర్లు వస్తే ఆరేడు వందలకు మించదు. కనుమలు దిగిన గాలి మళ్లీ వేడెక్కి, ఆరిపోయి మన దగ్గరికి వస్తుంది. జూన్‌లో గాలి దుమ్ము లేపుతూ రోజంతా వీస్తున్నా, మొగులు ఆగకుండా తూర్పుకు కొట్టుకుపోయేది అందుకే. ఒట్టి పడమటి గాలి వానకు సగం సరంజామా మాత్రమే. ఆ గాలిని ఒకచోట కూడేసి పైకి లేపేది ఇంకోటి కావాలి. మనకు ఆ పని చేసేది బంగాళాఖాతం.

వాయవ్య బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా విదర్భ వైపు నడుస్తుంది. దాని చుట్టూ గాలి అపసవ్యంగా, అంటే గడియారం ముళ్లకు ఎదురుగా తిరుగుతుంది. కుండపోత దాని నడిమధ్యలో పడదు, నైరుతి భాగంలో పడుతుంది. అల్పపీడనం ఛత్తీస్‌గఢ్ మీదికి రాగానే ఆ నైరుతి భాగం కిందికి వచ్చేవి ములుగు, భూపాలపల్లి, మంచిర్యాల, ఆసిఫాబాద్. వాతావరణ బులెటిన్‌లో "సముద్ర మట్టానికి 7.6 కిలోమీటర్ల ఎత్తు వరకు విస్తరించి, ఎత్తుకు వెళ్లేకొద్దీ నైరుతి దిశకు వంగి ఉంది" అన్న వాక్యం చాలామంది దాటేసి పోతారు. నా మట్టుకు మొత్తం బులెటిన్‌లో మనకు అన్నిటికంటే పనికొచ్చేది అదే. ఆ వంపు మన వైపే. ఆవర్తనం, అంటే ఆ గాలి సుడి, 1.5 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతే జల్లులతో సరిపోవచ్చు. 5.8, 7.6 దాకా ఉందంటే వాగుల పక్కన ఉన్నవాళ్లు ఆ రాత్రి మేలుకుని ఉండాలి.

ఇక్కడ అందరూ పడే పొరపాటు ఒకటుంది. అల్పపీడనం, వాయుగుండం, తుపాను అన్న మెట్లు గాలి వేగాన్ని బట్టి పెట్టినవి, వానను బట్టి కాదు. గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 62కు చేరితే తుపాను. "ఉత్త అల్పపీడనమే కదా" అనుకోవడం ప్రమాదం. 2023 జూలై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. వరంగల్‌లో ఏడాది మొత్తం పడేదే సుమారు వెయ్యి. ఆ వాన వెనక పేరుపెట్టిన తుపానేదీ లేదు.

అల్పపీడనం ఎటుందో చెప్పడానికి ఫోన్ కూడా అక్కర్లేదు. ఊరి బయట, చెట్లూ మేడలూ అడ్డం లేని చోట గాలికి వీపు పెట్టి నిలబడాలి. అల్పపీడనం మీ ఎడమచేతి వైపు, కొంచెం ముందుకు ఉంటుంది. 1857లో డచ్ శాస్త్రవేత్త బైస్ బాలట్ ప్రకటించిన సూత్రం ఇది. జూలైలో వరంగల్‌లో గాలి వాయవ్యం నుంచి వీస్తోందనుకోండి. వీపు పెడితే మీ ముఖం ఆగ్నేయానికి, ఎడమచెయ్యి ఈశాన్యానికి, అంటే ఛత్తీస్‌గఢ్ వైపు. మనం దాని నైరుతి భాగంలో ఉన్నట్టే, ముసురు ముదురుతుంది. అది విదర్భకు జరిగేకొద్దీ గాలి పడమటికి, తర్వాత నైరుతికి తిరుగుతుంది, వాన తగ్గుతుంది. అక్టోబర్‌లో గాలి తూర్పు, ఈశాన్యాల నుంచి బలపడితే ఎడమచెయ్యి దక్షిణాన్ని, కోస్తాను చూపిస్తుంది. 2025 అక్టోబర్ చివర మొంథా తుపాను కోస్తాలో తీరం దాటాక వరంగల్‌ను ముంచింది. అప్పటికి వరి కోతలు, పత్తి ఏరడం నడుస్తుంటాయి కాబట్టి ఆ తూర్పు గాలిని తేలిగ్గా తీసుకోవద్దు.

ఈ పరీక్ష ఉరుముల మబ్బు దగ్గర్లో ఉన్నప్పుడు పనిచేయదు. ఆ మబ్బు కిందికి కొట్టే చల్లటి గాలి పెద్ద వ్యవస్థ దిశను చెరిపేస్తుంది. కాజీపేట, హన్మకొండ సందుల్లో గాలి వీధి వెంట వంగుతుంది. అలాంటప్పుడు నేల మీది గాలిని వదిలేసి కింది మబ్బుల నడక చూడాలి. జూలైలో ముసురు మధ్య కాస్త తెరిపి ఇచ్చినప్పుడు తలెత్తి చూస్తే రెండు అంతస్తులు కనిపిస్తాయి: కింద నల్లటి తునకలు పడమటి నుంచి తూర్పుకు పరుగెడుతుంటాయి, పైన పీచులాంటి తెల్లమబ్బు తూర్పు నుంచి పడమటికి మెల్లగా జరుగుతుంటుంది. ఆ పైది 14 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తులో తూర్పు నుంచి ఉరవడిగా పారే గాలి, దాన్నే తూర్పు జెట్ ప్రవాహం అంటారు. భారత వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం 1958లో దాన్ని ప్రపంచానికి వివరించారు. కింద ఒకవైపు, పైన ఇంకోవైపు లాగే ఈ గాలుల వల్లే నడివానాకాలంలో అల్పపీడనాలు తుపానులుగా ముదరడం అరుదు.

గాలి పటాలు చూపించే విండీ లాంటి యాప్ చూసేవాళ్లు నేల గాలి ఒక్కటే చూసి ఆగిపోతారు. పై గాలిని అందులో పీడనం అంకెతో ఎంచుకోవాలి: 850 హెక్టోపాస్కల్ అంటే సుమారు 1.5 కిలోమీటర్ల ఎత్తు, 700 అంటే 3 కిలోమీటర్లు. ఈ రెండింటిలోనూ సుడి కనిపిస్తేనే నమ్మాలి. 850లో గాలి గీతలు మహారాష్ట్ర నుంచి కోస్తా దాకా వంపు లేకుండా తిన్నగా పోతుంటే, మీద ఎంత మొగులున్నా తుంపరే.

రుతుపవన ద్రోణి, అంటే అల్పపీడనం పొడవుగా పరుచుకున్న పట్టీ, హిమాలయాల పాదాలకు జరిగిపోయినప్పుడు కూడా మన దగ్గర గీతలు అలాగే తిన్నగా ఉంటాయి. అప్పుడు బీహార్, అస్సాంలో వరద, మనకు ఎండ. 2023లో జూలై చివరి ఆ కుండపోత తర్వాత వచ్చిన ఆగస్టు, దేశం మొత్తం మీద 1901 నుంచి అత్యంత పొడి ఆగస్టు. ఆ ఏడు పసిఫిక్‌లో ఎల్‌నినో బలపడుతోంది. పసిఫిక్ నీళ్లు వేడెక్కినప్పుడు గాలి పైకి లేచే చోటు తూర్పుకు జరిగి, మన మీద దిగుడు గాలి పెరుగుతుంది. 2002, 2009 కరువులు అలా వచ్చినవే. అయితే 1997లో ఎల్‌నినో చాలా బలంగా ఉన్నా దేశంలో వాన మామూలుగానే పడింది. ఎల్‌నినో పేరు విని పంట మానుకోనక్కర్లేదు, స్వల్పకాలిక రకం గింజలు చేతిలో ఉంచుకుంటే చాలు.

వేసవి రాళ్లవాన లెక్క వేరు. ఏప్రిల్, మే నెలల్లో విదర్భ నుంచి తెలంగాణ, కర్ణాటకల మీదుగా దక్షిణానికి ద్రోణి గీత పడుతుంది. దానికి ఒకవైపు వాయవ్యపు పొడిగాలి, ఇంకోవైపు బంగాళాఖాతం తేమగాలి. పొద్దున ఆగ్నేయం గాలితో ఒళ్లంతా జిడ్డుగా ఉక్కపోస్తూ, బులెటిన్‌లో ద్రోణి మాట ఉంటే, కల్లంలో వడ్లకుప్పల మీద మధ్యాహ్నం రెండింటికల్లా పట్టాలు కప్పాలి. మబ్బు లేచాక కప్పుదామనుకుంటే, వానకు ముందొచ్చే గాలిదుమారం పట్టాలను నిలవనీయదు. అంచులకు రాళ్లు చాలవు, మట్టి బస్తాలు పెట్టాలి.

పత్తి సంగతికొస్తే, మొదటి వాన చాలాసార్లు ఈ వేసవి ద్రోణిదే, రుతుపవనానిది కాదు. తేలిక నేలల్లో 50 నుంచి 60 మిల్లీమీటర్లు, నల్లరేగడిలో 60 నుంచి 75 పడేదాకా ఆగాలి. అంత పడ్డాక కూడా విత్తే ముందు 850 పటం ఒకసారి తెరిచి చూడండి. బంగాళాఖాతం వైపు వంపు మొదలైతే సాళ్లు తోలుకోవచ్చు. గీతలు తిన్నగా ఉంటే ఇంకో నాలుగు రోజులు సంచి కట్టే ఉంచండి.