ఓవిలేర్: సుద్దకొండ మీద ద్రాక్ష కోత

పారిస్‌లోని గార్ ద లెస్ట్ స్టేషన్ నుంచి రైల్లో సుమారు గంటంబావు ప్రయాణిస్తే ఎపెర్నే వస్తుంది. అక్కడ మార్న్ నది దాటి ఆరు కిలోమీటర్లు పైకి వెళితే కొండవాలున ఓవిలేర్, బుడగల వైన్ షాంపేన్ తయారయ్యే ప్రాంతంలోని ఊరు. మేం వెళ్లింది సెప్టెంబరులో, కోతలు జోరుగా సాగుతున్నప్పుడు. చాలా చిన్న ఊరు. ఆ ఇంటివాళ్ల వృత్తి ఏమిటో చెప్పే ఇనుప బొమ్మలు గుమ్మాల మీద వేలాడుతుంటాయి, అలాంటివి వందకు పైనే ఉన్నాయి.

వచ్చినవాళ్లంతా ముందు చర్చికే వెళతారు. అక్కడ నల్లరాతి పలక కింద దోం పెరిన్యోన్ సమాధి ఉంది. ఆయన 1668 నుంచి 1715లో చనిపోయేదాకా ఇక్కడి మఠంలో వైన్ నిల్వగది (సెల్లార్) చూసుకున్న సన్యాసి. షాంపేన్‌లో బుడగను కనిపెట్టింది ఆయనే అంటారు కానీ అది నిజం కాదు. ఆ రోజుల్లో బుడగ అంటే వైన్ పాడైనట్టు లెక్క. చలికి సగంలో ఆగిన పులియడం వసంతంలో సీసాలోనే మళ్లీ మొదలయ్యేది, సీసాలు పగిలేవి. ఆయన దాన్ని ఆపాలనే చూశాడు. ఆ కథను 1821లో రాసిన ఒక ఉత్తరంతో ప్రచారంలో పెట్టింది అదే మఠంలో ఉండిన గ్రోసార్ అనే సన్యాసి. అసలు పెరిన్యోన్ గొప్పతనం వేరే రెండు పనుల్లో ఉంది: వేర్వేరు చేల పండును కలపడం, నల్లద్రాక్షను మెల్లగా పిండి తెల్లరసం తీయడం. ఈ ప్రాంతం నేటికీ ఆ రెండింటి మీదే బతుకుతోంది కాబట్టి, నాకు కథకన్నా నిజమే పెద్దదిగా కనిపిస్తుంది.

తోటల్లో పైమట్టి పల్చన, దాని కింద అంతా సుద్ద. ఘనమీటరు సుద్ద 300 నుంచి 400 లీటర్ల నీళ్లు పట్టి ఉంచుతుంది, అందుకే నీటి తడి పెట్టకపోయినా తీగ ఎండదు. కానీ అదే సుద్దలోని సున్నం ఇనుమును మొక్కకు అందనివ్వదు, ఆకు పసుపెక్కుతుంది. 1890ల్లో ఫిలోక్సెరా పురుగు వేర్లను తినేశాక అమెరికా తీగల వేరుమూలం మీద అంటు కట్టక తప్పలేదు. వాటిలో చాలావాటికి సుద్ద పడలేదు. చివరికి నిలబడింది 41బి అనే సంకర వేరుమూలం, ఇప్పటికీ ఎక్కువ వాడేది అదే.

హైదరాబాద్ చుట్టుపక్కల అనాబేషాహి ద్రాక్ష పందిళ్లు చూసినవారికి ఇక్కడి తోట వింతగా ఉంటుంది. హెక్టారుకు దాదాపు 8,000 మొక్కలు, సాళ్ల మధ్య మామూలుగా మీటరున్నరకు మించని ఎడం, తీగ ఛాతీ ఎత్తు దాటితే గొప్ప. ట్రాక్టరు సాళ్ల మధ్య పట్టదు, సాలు మీదుగా కాళ్లు చాపి నడుస్తుంది. మన దగ్గర ఏడాదికి రెండు కత్తిరింపులైతే ఇక్కడ ఒక్కటే, చలికాలం అంతా తీగ నిద్రపోతుంది మరి. కానీ ఆ ఒక్కటి పొరపాటైతే ఏడాదంతా పోయినట్టే. ఏప్రిల్‌లో మొగ్గ విచ్చాక రాత్రి గడ్డమంచు పడితే చిగురు మాడిపోతుంది. 2021లో అదే జరిగింది, దాని మీద వానలకు బూజు తెగులు కూడా తోడైంది.

కోతకు యంత్రం నిషేధం. పినో న్వార్, మునియే నల్లతొక్క ద్రాక్షలు. యంత్రం పండును కాడ నుంచి రాల్చేస్తుంది, తొక్క చిట్లి రసానికి రంగు అంటుతుంది. అందుకే గుత్తి గుత్తిగా కత్తెరతో కోస్తారు, కుళ్లిన పండును అక్కడే ఏరేస్తారు. క్రేట్లకు అడుగున చిల్లులు ఉంటాయి. కారిన రసం అడుగున నిలిస్తే అది క్రేటులోనే పులియడం మొదలెడుతుంది.

పండు పిండే ప్రెస్ దగ్గర లెక్క చాలా కచ్చితం. ఒక విడతకు 4,000 కిలోల పండు, దాని నుంచి తీయదగిన రసం 2,550 లీటర్లు మాత్రమే. మొదటి 2,050 లీటర్లు మేలురకం, తర్వాతి 500 రెండోరకం. పిండే కొద్దీ పులుపు తగ్గుతుంది, తొక్కలోని వగరు పెరుగుతుంది. గుత్తులకున్న కాడలు కూడా పనికొస్తాయి, పిండుతున్నప్పుడు వాటి సందుల్లోంచే రసం జారుతుంది.

మొదటి పులియబెట్టుడు, కలపడం ముగిశాక, జనవరి ఒకటి దాటిన తర్వాతే సీసాలో నింపాలని నియమం. లీటరుకు సుమారు 24 గ్రాముల చక్కెర, ఈస్ట్ వేసి మూత బిగిస్తారు. చక్కెర పులిసి పుట్టే గ్యాసు సీసాలోనే చిక్కుకుని, నాలుగు గ్రాములకు ఒక బార్ (ఒత్తిడి కొలత) చొప్పున ఒత్తిడి ఆరుకు చేరుతుంది, అంటే కారు టైరుకు రెండున్నర, మూడు రెట్లు. షాలోన్ పట్టణపు మందుల వ్యాపారి ఫ్రాంస్వా 1836 ప్రాంతంలో చక్కెర కొలిచే పద్ధతి చెప్పేదాకా అంతా అంచనాయే. ఒక సీసా పగిలితే పక్కవీ పగిలేవి, కూలీలు ముఖానికి ఇనుప ముసుగులు వేసుకునేవారు.

10-12 డిగ్రీల సెల్లార్‌లో కనీసం పదిహేను నెలలు, అందులో పన్నెండు నెలలు మడ్డి (అడుగున పేరుకున్న చచ్చిన ఈస్ట్) మీదే ఉండాలి. లేబుల్ మీద కోత ఏడాది వేస్తే మూడేళ్లు. తర్వాత రోజూ ఎనిమిదో వంతు, నాలుగో వంతు తిప్పుతూ సీసాను తలకిందులు చేస్తే మడ్డి మెడలోకి జారుతుంది. చేత్తో అయితే నాలుగు నుంచి ఆరు వారాలు, 504 సీసాల యంత్రపు బోనులో వారం. మడ్డి గాజుకు పొరలా అతుక్కుంటే ఎంత తిప్పినా దిగదు, సీసాను గట్టిగా కుదిపి మళ్లీ మొదలెట్టాలి. మెడను −27 డిగ్రీల ఉప్పునీటి వంటి ద్రావణంలో ముంచి మూత తీస్తే మడ్డి మంచుబిళ్లలా బయటికి దూకుతుంది. సీసాలో నింపకముందే వైన్‌ను బాగా చల్లబరిచి, అందులో పేరుకునే ద్రాక్ష పులుపు స్ఫటికాలు తీసేయకపోతే వాటి చుట్టూ బుడగలు కమ్మి సగం సీసా పొంగిపోతుంది.

సెల్లార్లు చూడాలంటే కోత రోజుల్లో రావద్దు, చిన్న రైతులకు మాట్లాడే తీరికుండదు. వసంతం మేలు. స్వెట్టర్ తెచ్చుకోండి. లేబుల్ మూల చిన్న అక్షరాల్లో ఆర్.ఎం. అని ఉంటే పండు పండించిన రైతే వైన్ చేశాడని అర్థం. కొన్న సీసాకు గుడ్డ చుట్టండి, ఎండ తగలనివ్వకండి. తెల్లగాజు సీసా అయితే కొద్ది గంటల్లోనే ఉడికిన క్యాబేజీ వాసన పట్టేస్తుంది.