గంట నొక్కని రాత్రి

మొదట జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం కష్టమైంది. 2022 దసరా సెలవులవి. తర్వాత కుడిచేతి బొటనవేలి మొదట్లో కండ కరిగి గుంట పడింది. స్కాన్లు, సూదులు, ఆస్పత్రులు అన్నీ అయ్యేసరికి ఎనిమిది నెలలు గడిచాయి. ఏఎల్ఎస్ అన్నారు. కండరాలను ఆడించే నరాల కణాలు చచ్చిపోతూ పోయే జబ్బు. లక్షణాలు మొదలయ్యాక చాలామందికి మూడు నుంచి అయిదేళ్లు. 1995 నుంచీ ఉన్న రిలుజోల్ మాత్ర ఆ లెక్కకు కొన్ని నెలలు కలుపుతుంది.

అది నయం కాలేదు, కాదు కూడా. నాకు నయమైంది దిగులు.

ఆడపడుచు కొడుకు నిశ్చితార్థంలో తాంబూలాలు మార్చుకుంటుంటే నాకు ఏడుపు ముంచుకొచ్చింది. లోపల ఏ బాధా లేదు, ఆపుకుందామంటే ఆగలేదు. మరోసారి పక్కింటావిడ తన తండ్రి పోయిన సంగతి చెబుతుంటే నవ్వొచ్చింది. ఆవిడ ముఖం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఏడుపునూ నవ్వునూ అదుపుచేసే దారులు మెదడులో దెబ్బతింటే ఇలా అవుతుందని, అది దిగులు కాదని ఏడాది దాకా ఎవరూ చెప్పలేదు. "ధైర్యంగా ఉండాలమ్మా, ఏడిస్తే రోగం పోతుందా?" అని వచ్చినవాళ్లంతా బుద్ధులు చెప్పి వెళ్లారు.

అసలు దిగులు వచ్చినప్పుడు నేను ఏడవలేదు. అందుకే ఎవరికీ కనబడలేదు. పాతికేళ్లుగా వదలని, పేపర్లో వచ్చే ఆదివారం పదకేళి వద్దన్నాను. అమ్మాయి ఆధారాలు చదువుతుంటే గోడవైపు చూసేదాన్ని. రెండు ముద్దలకే చాలనేదాన్ని. నిద్ర లేదు, బరువు తగ్గాను. అన్నీ జబ్బు ఖాతాలోకే వెళ్లాయి. మావారు అనుమానం వచ్చి డాక్టరుగారిని అడిగితే, ఆయన కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా, "ఇలాంటి జబ్బు వచ్చినవాళ్లు దిగులుపడక ఇంకేం చేస్తారండీ? సహజమే" అన్నారు. ఆ 'సహజమే' నన్ను చంపబోయింది. ఆయన్ని నేను క్షమించలేదు.

2024 ఆషాఢంలో ఒక రాత్రి. రెండున్నర అయి ఉంటుంది. కనుబొమ్మ మీద దోమ వాలింది. ఈ జబ్బులో కదలిక పోతుంది గాని స్పర్శ పోదు. కుట్టడం తెలుస్తోంది, చెయ్యి లేవదు. ఇంతలో ఊరిన లాలాజలం అడ్డదారిన గొంతులోకి పోయింది. ఊపిరి అందలేదు. మంచానికి మావారు కట్టిన కాలింగ్ బెల్ స్విచ్చి నా ఎడమచేతి వేలికి అంగుళం దూరంలో ఉంది. నొక్కలేదు. నొక్కలేక కాదు. ఇకనైనా వీళ్లకు నిద్ర దొరుకుతుందనుకున్నాను. ఎంతో ప్రశాంతంగా అనుకున్నాను, అదే ఇప్పుడు తలచుకుంటే భయం.

గురగుర చప్పుడుకు ఆయనే లేచారు. పక్కకు తిప్పి, కూర్చోబెట్టి, తువ్వాలుతో నోరు తుడిచారు. "బెల్ పనిచేయడం లేదా?" అంటూ నొక్కి చూశారు. ఇల్లంతా మోగింది. అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. ఆయన స్విచ్చి వైపు, నా చేతి వైపు, నా వైపు చూశారు. ఏమీ అనలేదు. తెల్లవారేదాకా నా పాదం పట్టుకుని కూర్చున్నారు. కదిరి నరసింహస్వామే ఆయన్ని లేపాడని అత్తగారి నమ్మకం. నాదీ అదే.

పొద్దున్నే బెంగళూరు హోసూరు రోడ్డులో మానసిక, నరాల జబ్బులకు వైద్యం చేసే నిమ్హాన్స్‌కు తీసుకెళ్లారు. మానసిక వైద్యురాలు కన్నడం కలిసిన తెలుగులో, తొందరపడకుండా మాట్లాడారు. "ఇప్పటికీ చేయగలిగి కూడా మానేసినవి ఏమున్నాయి?" అని అడిగారు. పదకేళి అన్నాను. మాట ముద్దగా వచ్చినా ఆమెకు అర్థమైంది. ఈ జబ్బు వచ్చిన అందరికీ డిప్రెషన్ రాదనీ, ఒళ్లంతా కదలనివారిలోనూ రానివారు చాలామంది ఉంటారనీ, వస్తే దానికి వేరే వైద్యం ఉందనీ చెప్పారు. లేవగానే తలనొప్పి ఉంటోందా అనీ అడిగారు. ఉంది. శ్వాస కండరాలు నీరసించి రాత్రిపూట కార్బన్ డయాక్సైడ్ ఒంట్లో నిలిచిపోతోందని పరీక్షలో తేలింది. ఊపిరి తీయడానికి సాయపడే బైపాప్ యంత్రం మాస్కు పెట్టుకున్న పది రోజుల్లో నిద్ర పట్టింది. మందుగా అమిట్రిప్టిలిన్ ఇచ్చారు. నోరు ఎండబెట్టడం ఆ మందుకున్న దోషం. లాలాజలంతో ఉక్కిరిబిక్కిరయ్యే నాకు అదే మేలు చేసింది. నాలుగో వారంలో ఒక ఆదివారం, "పేపరు వచ్చిందా?" అని నేనే అడిగాను. అమ్మాయి వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది.

ఇలాంటి జబ్బు ఇంట్లో ఉంటే, మనిషి మౌనంగా ఉంటే, దయచేసి అడగండి. 'సహజమే' అన్న మాట దగ్గర ఆగిపోకండి. ఆస్పత్రికి వెళ్లలేకపోతే మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళైనా ఫోను చేయవచ్చు, ఖర్చు లేదు, తెలుగులోనూ మాట్లాడతారు.

ఎడమచేతి చూపుడువేలితో ఇది రాయడానికి పదకొండు రోజులు పట్టింది. నిన్న రాత్రి మూడుసార్లు బెల్ నొక్కాను. ఒకసారి దోమకు, ఒకసారి మాస్కు జారినందుకు. మూడోసారి ఎందుకూ కాదు, ఆయన వస్తారని. "ఏమిటే?" అని విసుక్కుంటూనే వచ్చి, దుప్పటి సర్ది, కాసేపు కూర్చుని వెళ్లారు.