మధ్యాహ్నం నిద్ర కుదిరితేనే పార్కు కుదిరింది

ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని నాలుగు నెలల తేడాతో రెండుసార్లు ఒకే థీమ్ పార్కుకి వెళ్లాం. మొదటిసారి పాపకి మూడేళ్లు దాటి రెండు నెలలు, బాబుకి 18 నెలలు. మధ్యాహ్నం రెండింటికే ఇద్దరూ గుక్కపట్టి ఏడుస్తుంటే చెరొకరినీ ఎత్తుకుని బయటికి వచ్చేశాం. రెండోసారి సాయంత్రం దాకా ఉన్నాం, పిల్లలు నవ్వుతూనే ఇంటికొచ్చారు. అదే పార్కు, అవే రైడ్లు. మేం మాత్రం రోజుని వేరేలా లెక్క వేసుకున్నాం.

మొదటిసారి మ్యాప్ ముందేసుకుని ఒక చివర నుంచి మొదలుపెట్టాం. పాప దూరం నుంచే ఒక చిన్న రోలర్ కోస్టర్ చూసి చెయ్యి చాపింది. యాభై నిమిషాలు క్యూలో నిలబడ్డాం. బండి కిందికి దిగిన ప్రతిసారీ "నేనూ, నేనూ" అని గెంతుతూనే ఉంది. తీరా గేటు దగ్గరికి వెళ్లాక అక్కడి అమ్మాయి పాపని కొలబద్ద పక్కన నిలబెట్టింది. కావాల్సింది 102 సెంటీమీటర్లు, పాప 96 ఉంది. ఆ అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని ఎంతో నెమ్మదిగా చెప్పింది కానీ, మూడేళ్ల పిల్లకి అర్థమయ్యేది గేటు మూసుకోవడం ఒక్కటే. పాప మొహం చూడలేక "ఒక్కసారికి పంపించండి, నేను గట్టిగా పట్టుకుంటాను" అని అడిగాను. అలా అడిగినందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఎందుకంటే ఆ గీత వయసుకో ధైర్యానికో పెట్టింది కాదు. ఒళ్లోకి దిగే బార్, భుజాల మీది పట్టీ ఒక ఎత్తున్న ఒంటిని పట్టి ఉంచేలా తయారుచేస్తారు. అంతకంటే చిన్న ఒళ్లు అందులోంచి జారిపోవచ్చు, నా చేతులు దాన్ని ఆపలేవు. 102 సెంటీమీటర్లు, అంటే 40 అంగుళాల గీత చాలా పార్కుల్లో కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెరుగుదల పట్టిక చూస్తే నాలుగేళ్ల పిల్లల మధ్యస్థ ఎత్తు 103 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. మూడేళ్ల పిల్లల్లో ఎక్కువమంది దాన్ని దాటరన్నమాట. రెండోసారి వెళ్లే ముందు, ఆ రోజు తొడిగే బూట్లతోనే ఇంట్లో పాపని కొలిచాను. పార్కు వెబ్‌సైట్‌లో ప్రతి రైడ్‌కీ ఎత్తు రాసి ఉంటుంది. పాప ఎక్కగలిగినవి రాసుకుని, ఇంట్లో వాటి పేర్లే చెప్పాం. ఎక్కలేని వాటి దారి పట్టలేదు.

అసలు మార్పు మాత్రం నిద్ర విషయంలో. ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకి పగటి కునుకుతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. మా బాబు పన్నెండున్నరకి పడుకుంటాడు. మొదటిసారి ఆ టైముకి మేం డప్పుల ఊరేగింపు మధ్యలో ఉన్నాం, వాడు నిద్రపోనేలేదు. రెండోసారి ఆ రెండు గంటల్ని ముందు పక్కకి తీసిపెట్టి, మిగతా రోజుని దాని చుట్టూ సర్దాం. గేటు తెరవడానికి అరగంట ముందే చేరుకున్నాం. జనం పలచగా ఉన్న మొదటి గంటన్నరలో రంగులరాట్నం మూడుసార్లు, బొమ్మ రైలు రెండుసార్లు ఎక్కారు. మూడోసారి రంగులరాట్నం అన్నప్పుడు "వేరేది చూద్దాం" అనబోయి ఆగిపోయాను. చిన్నపిల్లలకి ఎక్కిందే మళ్లీ ఎక్కడంలో ఎంత ఆనందముంటుందో అప్పుడు వాళ్ల మొహాల్లో చూశాను.

నిద్రకి స్పీకర్లకి దూరంగా చెట్ల కింద ఒక మూల దొరికింది. స్ట్రోలర్ వెనక్కి వాల్చి, వెలుతురు పడకుండా పైన పలచటి దుప్పటి కప్పాను. కాసేపటికి అటుగా వెళుతున్న ఒక పెద్దావిడ ఆగింది. "బాబూ, ఆ దుప్పటి తీసెయ్యి. లోపల చెయ్యి పెట్టి చూడు" అంది. పెట్టి చూస్తే లోపల ఆవిరిగా ఉంది, వాడి మెడంతా చెమట. పలచటి గుడ్డ అయినా గాలి ఆడకుండా చేస్తే లోపల వేడి త్వరగా పెరిగిపోతుంది. దుప్పటి తీసి, స్ట్రోలర్‌కున్న గొడుగే ముందుకి లాగాం. ఆవిడకి దండం పెట్టాను. ఈ ఒక్క విషయం చెప్పడానికైనా ఇదంతా రాయాలనిపించింది.

బాబు పడుకున్నంతసేపూ మేమిద్దరం వంతులు వేసుకున్నాం. చాలా పార్కుల్లో పెద్దవాళ్లలో ఒకరు రైడ్ ఎక్కితే ఇంకొకరు పిల్లలతో ఆగి, తర్వాత మొత్తం క్యూ మళ్లీ నిలబడకుండా ఎక్కే వీలుంటుంది. అమెరికాలోని డిస్నీ పార్కుల్లో దీన్ని రైడర్ స్విచ్ అంటారు. క్యూలోకి వెళ్లకముందే గేటు దగ్గర అడగాలి. మొదటిసారి మాకిది తెలియనే తెలియదు.

పెద్ద తలకాయల వేషాలు వేసుకుని తిరిగేవాళ్లంటే పాపకి భయం. మొదటిసారి ఫొటో కోసం దగ్గరికి తోశాం, వణికిపోయింది. రెండోసారి దూరంగా నిలబడి చెయ్యి ఊపనిచ్చాం. ఆ వేషంలో ఉన్నాయన కూడా దగ్గరికి రాకుండా అక్కడి నుంచే చెయ్యి ఊపారు. పాపకి అది చాలింది, మాకూ చాలింది. పెద్ద చప్పుళ్లకి బాబు ఉలిక్కిపడతాడు కాబట్టి చెవులు పూర్తిగా మూసే ఇయర్ మఫ్స్ తీసుకెళ్లాం. చాలా పనికొచ్చాయి. సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి, నీళ్లలో ఆడాక తుడిచి వెంటనే రాయాలి.

మొదటిసారి జరిగిన ఇంకోటి చెప్పాలి. నీళ్ల ఆట దగ్గర పాప మా ఆవిడ దగ్గరుందని నేను, నా దగ్గరుందని తను అనుకున్నాం. రెండు నిమిషాల్లోపే ఒక ఫౌంటెన్ వెనకాల దొరికింది కానీ ఆ రెండు నిమిషాలు నా కాళ్లు నావి కావు. ఎవరైనా "ఏం రంగు గౌను వేసుకుంది?" అని అడిగి ఉంటే చెప్పలేకపోయేవాణ్ని. అందుకే రెండోసారి గేటు దగ్గరే ఇద్దరికీ నిలువు ఫొటో తీసుకున్నాను, ముంజేతి మీద చెరగని ఇంకుతో ఫోన్ నంబరు రాశాను. ఇంకో అలవాటు కూడా చేసుకున్నాం. "పాప నీ దగ్గర" అని ఒకరంటే "నా దగ్గరే" అని రెండోవాళ్లు పైకి అనాలి. జవాబు రాకపోతే కదలకూడదు. ఇప్పుడు బజారుకెళ్లినా ఇలాగే అనుకుంటున్నాం.

ఐదింటికి బయల్దేరాం. రాత్రి బాణసంచా చూడాలని నాకు చాలా ఉంది కానీ, బాబు కళ్లు నలుపుకోవడం మొదలుపెట్టాడు. మూసే వేళకి గేటు దగ్గర జనం ఎలా ఉంటారో కూడా తెలుసు.

ఇంటికొచ్చాక పాప అడిగితే తలుపు చట్రం మీద 102 దగ్గర పెన్సిల్‌తో గీత గీశాను. ప్రతి ఆదివారం పొద్దున్నే బూట్లు తొడుక్కుని వచ్చి అక్కడ నిలబడుతుంది. మొన్నటికి 100 దాటింది.