కండె విసురు, కండె లాగు: ఆరో వారం నోట్సు

పన్నెండు నిమిషాల నృత్యం. ఒక ప్రొజెక్టర్, ఒక కెమెరా, నాడా కట్టిన ఒక చెక్క కండె. ఆరు వారాల తర్వాత మిగిలిన ముఖ్యమైన సామాను ఇంతే. మొదట్లో ఇంకా చాలా ఉండేది.

దీనికి మూలం 1920లో అచ్చయిన పుస్తకంలో మనోవిశ్లేషణకి ఆద్యుడైన ఫ్రాయిడ్ చెప్పిన ఒక చిన్న ఆట. ఏడాదిన్నర వయసున్న ఆయన మనవడు దారం కట్టిన చెక్క కండెను తెరలున్న తన మంచంలోకి విసిరేవాడు. అది కనబడకుండా పోగానే "ఓ..." అని సాగదీసేవాడు. దారం లాగి, కండె మళ్లీ కనబడగానే సంబరంగా "దా" అనేవాడు. ఆ "ఓ" అంటే జర్మన్‌లో "ఫోర్ట్", పోయింది అని. "దా" అంటే ఇదిగో, ఇక్కడుంది అని. అమ్మ వదిలి వెళ్లడాన్ని ఊరికే భరించాల్సిన పిల్లవాడు, ఆటలో ఆ పని తనే చేస్తున్నాడని ఫ్రాయిడ్ అనుకున్నాడు.

నన్ను పట్టుకున్నది ఆ "దా". మన చెవికి అది పిలుపు. ఆ పిల్లవాడు వచ్చినదాన్ని చూసి అన్న మాట, మనకి ఇంకా రానిదాన్ని రమ్మన్నట్టు వినిపిస్తుంది. నృత్యం మొత్తాన్ని ఈ రెండు అర్థాల మధ్యే పెట్టాను. కండె దూరంగా ఉన్నప్పుడు ఒక "దా", చేతికి వచ్చాక ఇంకో "దా". అక్షరం ఒకటే, ఊపిరి మాత్రం వేరు.

మొదటి రెండు వారాలు సిద్ధాంతాన్ని వివరించే వాయిస్ ఓవర్ మీద పోయాయి. రికార్డ్ చేసి, దానికి అడుగులు వేసి చూశాను. గొంతు చెప్పేసినదాన్నే శరీరం మళ్లీ చెబుతోంది. మొత్తం తీసేశాను.

మూడో వారంలో ఎనిమిది విసుర్లు, ఎనిమిది లాగుళ్లు చక్కగా లెక్క కట్టి కూర్చాను. చూడటానికి బాగుంది కానీ నిజం అనిపించలేదు. మళ్లీ చదివితే కారణం దొరికింది. ఎక్కువ ఆనందం తిరిగి రావడంలోనే ఉన్నా, పిల్లవాడు విసరడం ఒక్కదాన్నే ఎక్కువసార్లు ఆడేవాడని ఫ్రాయిడ్ స్పష్టంగా రాశాడు. ఇప్పుడు ఇరవై ఒక్క విసుర్లు, నాలుగు లాగుళ్లు. పదిహేనో విసురుకి భుజం నిజంగానే అలసిపోతుంది. ఆ అలసటని దాచే ప్రయత్నం మానేశాను.

దారం సంగతి. నైలాన్ తాడు వేళ్లని కోసింది, సన్నని నూలు మెలికలు పడింది. చివరికి నాలుగు మీటర్ల బల్లపరుపు నూలు నాడా కుదిరింది. దాన్ని వేలికి ఉచ్చులా వేసుకోవద్దు, గుప్పిట్లోనే పట్టుకోవాలి. ఒకసారి నాడా కాలికి చుట్టుకుంటే గుప్పిట వదిలేశాను కాబట్టి పడలేదు. కండె దొర్లే చప్పుడు కోసం నేల చెక్కకి కాంటాక్ట్ మైక్ (గాలిలో శబ్దాన్ని కాక, అంటుకున్న వస్తువు అదురుని పట్టే మైక్) టేపుతో అంటించాను. విసిరిన దెబ్బ కంటే, ఆ తర్వాత నెమ్మదిగా దొర్లి ఆగే గరగరే బాగా పలుకుతోంది.

ఎక్కువ టెన్షన్ పెట్టింది కెమెరా. ఫ్రాయిడ్ ఫుట్‌నోట్‌లో ఇంకో ముక్క ఉంది: నేల దాకా రాని నిలువుటద్దం ముందు పిల్లవాడు కిందికి వంగి, తన ప్రతిబింబాన్నే మాయం చేశాడు. ఆ అద్దం నాకు కావాలి, కానీ ఆలస్యంగా స్పందించేది: కెమెరా తీసిన నన్ను ప్రొజెక్టర్ కాసేపటి తర్వాత తెర మీద చూపాలి. కెమెరా వీడియోని నడిపే ఓబీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో, బొమ్మని ఆలస్యం చేసే రెండర్ డిలే ఫిల్టర్ అర సెకను దాటదు. కెమెరా సోర్స్‌కే వీడియో డిలే ఫిల్టర్ పెడితే సెకన్ల కొద్దీ ఆపొచ్చు. అర సెకను ఆలస్యం యంత్రం తప్పులా కనిపించింది. ఐదు సెకన్లకి అది వేరే మనిషైంది.

తెరగా ముందు కట్టిన వల గుడ్డ 2.4 మీటర్ల వెడల్పు. ప్రొజెక్టర్ త్రో రేషియో (బొమ్మ వెడల్పుకి ఎన్ని రెట్ల దూరం కావాలో చెప్పే అంకె) 1.5 కాబట్టి 3.6 మీటర్ల దూరం పట్టింది. ఎదురుగా పెడితే బొమ్మ వలలోంచి దూరి వెనక గోడ మీద కూడా పడింది. ఏటవాలుగా పైనుంచి వేశాక ఆ రెండో బొమ్మ నేల మీదికి దిగింది. అయితే కెమెరా తెర మీది బొమ్మని కూడా తీస్తోంది, బొమ్మలో బొమ్మ, అంతులేని సొరంగం. అందుకే రాత్రిపూట చూడగల ఇన్‌ఫ్రారెడ్ కెమెరాకి మారాను. కంటికి దాదాపు కనబడని 850 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ వెలుగునిచ్చే ఎల్ఈడీ దీపం, లెన్స్ ముందు మామూలు వెలుతురుని ఆపే ఫిల్టర్. మన కంటికి కనిపించే ప్రొజెక్టర్ బొమ్మ కెమెరాకి కనబడటం ఆగిపోయింది. ఎక్స్‌పోజర్‌ని (కెమెరా లోపలికి తీసుకునే వెలుతురు మోతాదుని) కూడా ఆటోలోంచి తీసి లాక్ చేయండి, లేదంటే కదిలినప్పుడల్లా బొమ్మ వెలిగి ఆరుతుంది.

మొదటిసారి ఆన్ చేసి తెర వైపు చూస్తే గుండె ఆగినంత పనైంది. నేను వేసుకున్నది నల్ల బట్టలు, తెర మీద తెల్ల బట్టల మనిషి. చాలా నల్ల రంగులు ఇన్‌ఫ్రారెడ్ వెలుగుని పీల్చుకోవు, తిప్పి కొడతాయి. దాన్ని సరిచేయడం లేదు. ఆ తెల్ల మనిషే ఈ నృత్యంలో రెండో పాత్ర.

ఈ వారం చివరి నిమిషం మీద పని. ఇరవై ఒకటో విసురు తర్వాత కెమెరా చూపు కిందికి వంగుతాను. తెర మీద ఆ మనిషి ఇంకా ఐదు సెకన్లు నిలబడే ఉంటుంది, తర్వాత తనూ వంగుతుంది. ఆ ఐదు సెకన్లలో "దా" అనాలా, ఊరుకోవాలా తేలలేదు. నిన్న రెండు రకాలుగానూ చేసి చూశాను. ఊరుకున్నప్పుడు కండె దొర్లి ఆగడం వినిపించింది. ఎల్లుండి రిహార్సల్‌లో మైక్ ఇంకో అడుగు దగ్గరికి జరిపి వింటాను.