మేడారం బస్సులో బంగారం

2022 మేడారం సమ్మక్క జాతర నుంచి ఒక్క మంచి ఫొటో లేకుండా తిరిగొచ్చాను. ఆ బాధ రెండేళ్లు వదల్లేదు. పెద్ద కెమెరా, దాంతోపాటే వచ్చే కిట్ లెన్సు. జూమ్ చేస్తే ఎఫ్/5.6. ఈ అంకె పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుంది, రాత్రిపూట దేనికీ చాలదు. పైగా ఫోకస్ కోసం వెలిగే చిన్న దీపం పూనకంలో ఊగుతున్న శివసత్తు (దేవుడు పూనే భక్తురాలు) కళ్లలో పడింది. చుట్టూ ఉన్నవాళ్లంతా నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

అందుకే 2024 ఫిబ్రవరి 21 రాత్రి హన్మకొండలో బస్సెక్కినప్పుడు నా దగ్గర ఉన్నది రికో జీఆర్ 3 అనే చిన్న కెమెరా ఒక్కటే. 257 గ్రాములు, చొక్కా జేబులో పడుతుంది. కొనేముందు సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 3 కూడా చూశాను. దాని లెన్సు ఎఫ్/1.8, దీనిది 2.8. అయితే వెలుతురును పట్టే సెన్సర్ దీనిది మూడింతలు పెద్దది కాబట్టి చీకట్లో రెండూ దాదాపు ఒకటే. నన్ను ఇటు లాగింది స్నాప్ ఫోకస్. దూరం ముందే 1.5 మీటర్లకు పెట్టుకుంటే సుమారు 1.2 నుంచి 2 మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. చీకట్లో ఫోకస్ కోసం తడుముకోవడం ఉండదు, దీపంతో పనే లేదు.

ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక ఇదే మొదటి జాతర. కాలు పెట్టే సందు లేదు. ములుగు గట్టమ్మ దగ్గర ఆగినప్పుడు టీ 20 రూపాయలన్నారు, మాట్లాడకుండా ఇచ్చాను. పస్రా దాటాక ట్రాఫిక్‌లో బండి కదల్లేదు. నీలం బల్బు కింద, అవతలి సీట్లో ఒక ముసలమ్మ ఒళ్లో బెల్లం ముద్ద పెట్టుకుని, రెండు చేతులూ దానిమీదే ఉంచి నిద్రపోతోంది. ఆ మసక వెలుతురుకు ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) 3200, షట్టర్ సెకనులో 15వ వంతు. ఒక్కటే తీశాను.

మెలకువ రాగానే చూపించి, వద్దంటే తీసేస్తానన్నాను.

"ఎప్పుడు దించినవ్ బిడ్డా? సప్పుడే రాలే."

తన ముఖం వైపు చూడలేదు. వేలితో బెల్లాన్ని చూపించి, "బంగారం మంచిగొచ్చింది" అంది. మేడారంలో బెల్లాన్ని బంగారమనే అంటారు. తర్వాత కొంగు సర్దుకుని, నిటారుగా కూర్చుని, ఇంకోటి దించమంది.

మర్నాడు సాయంత్రం చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చేసరికి రెండు బ్యాటరీల్లో ఒకటి అయిపోయింది. ఆ జనంలో, అంత దూరానికి జూమ్ లేని ఈ 28 ఎంఎం లెన్సు అందదు. కెమెరా జేబులో పెట్టి దండం పెట్టుకున్నాను.

ముసలమ్మ ఊరు రాసుకున్నాను కాబట్టి ప్రింటు పంపగలిగాను. పంపింది రెండోది, ఆమె అడిగి దిగింది. నిద్రలో తీసింది నా దగ్గరే ఉంది.